పల్లవితో ఎత్తుకోవాలా, చరణంతోనా: పాట నిర్మాణం, నిడివి ఎంచుకునే పద్ధతి

పాట నిడివి గురించి ఎవరు అడిగినా నిమిషాల్లోనే అడుగుతారు. మూడు నిమిషాలు సరిపోతాయా, ఐదు మరీ ఎక్కువా అని. జవాబు మాత్రం నిమిషాల్లో దొరకదు. పాటలో తిరిగి వచ్చే భాగం ఏది, అది ఎన్నిసార్లు రావాలి, ఒక రాకకీ మరో రాకకీ మధ్య కొత్తగా చెప్పేది ఏముంది? ఈ మూడూ తేలితే నిడివి దానంతటదే తేలుతుంది. అందుకే ముందు నిర్మాణం ఎంచుకోవాలి, తర్వాత లెక్క వేయాలి, ఆఖర్న కోత పెట్టాలి. "మూడున్నర నిమిషాల పాట కావాలి" అని మొదలుపెట్టి అందులోకి సరుకు నింపబోతే, చెప్పిందే చెప్పే రెండో చరణం, ఎందుకొచ్చిందో తెలియని ఇంటర్‌లూడ్ (పాట మధ్యలో వాద్యాలే మోగే భాగం) పుట్టుకొస్తాయి.

అసలు ఈ మూడు నిమిషాల కొలత చెవి పెట్టింది కాదు, రికార్డు పెట్టింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాటే పట్టేది. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చి ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటినా, పాట కట్టేవాళ్ల చేతికి పాత అలవాటు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఆ హద్దు లేదు, వేరే హద్దులున్నాయి. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే ఒక ప్లే కింద లెక్కకొస్తుంది. యూరోవిజన్ పోటీలో పాట మూడు నిమిషాలు దాటకూడదు. యూట్యూబ్ షార్ట్స్‌లో 60 సెకన్లే ఉండేది, 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల దాకా పెట్టుకోవచ్చు. మీ పాట ఎక్కడ వినబడబోతోందో ముందే తెలిస్తే అక్కడి హద్దు చూసుకోండి. తెలియకపోతే హద్దుల ఊసు వదిలేసి పాట సంగతి చూడండి.

ముందు లెక్క రావాలి

బీట్ అంటే తాళంలో ఒక దెబ్బ, బార్ అంటే కొన్ని బీట్ల గుంపు, టెంపో అంటే నిమిషానికి ఎన్ని బీట్లు అన్నది. బార్ల సంఖ్యను ఒక బార్‌లో ఉన్న బీట్లతో హెచ్చించి, 60తో హెచ్చించి, టెంపోతో భాగిస్తే సెకన్లు వస్తాయి. నాలుగు బీట్ల బార్ టెంపో 60లో 4 సెకన్లు, 80లో 3, 96లో రెండున్నర, 120లో 2. ఆది తాళంలో లెక్క వేసుకునేవాళ్లకు ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) ఎనిమిది దెబ్బలు, అంటే రెండు బార్లు. మూడు బీట్ల నడకైతే బార్‌కి మూడే, మిశ్రచాపు అయితే ఆవర్తానికి ఏడు. సూత్రం ఒక్కటే.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. చెవికి 70 నడకలా తోచే పాటను సాఫ్ట్‌వేర్‌లో 140గా పెడతారు. పాట మారదు గానీ బార్ల లెక్క రెట్టింపవుతుంది. బాణీ కట్టినవాళ్లు 70 లెక్కన "ఎనిమిది బార్ల ఇంటర్‌లూడ్" అంటే 27 సెకన్లు. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు 140 లెక్కన అదే ఎనిమిది బార్లు ఇస్తే 14 సెకన్లలోపే అయిపోతుంది. ఎవరి లెక్క ఏదో మొదటి రోజే మాట్లాడుకోవాలి.

పల్లవి, రెండు చరణాలు

మన చెవికి బాగా అలవాటైన నిర్మాణం ఇది. పాట గుండెకాయ మొదట్లోనే వినిపిస్తుంది, తర్వాత చరణాలు దాన్ని విప్పుతాయి. టెంపో 96లో ఒక మామూలు లెక్క చూద్దాం. ఇంట్రో 8 బార్లు, పల్లవి 16, మొదటి ఇంటర్‌లూడ్ 12, చరణం 20, పల్లవి తిరిగి 8, రెండో ఇంటర్‌లూడ్ 12, రెండో చరణం 20, చివరి పల్లవి 16. మొత్తం 112 బార్లు, 4 నిమిషాల 40 సెకన్లు. అదే పాటను టెంపో 84లో పాడితే 5 నిమిషాల 20 సెకన్లు, 105లో పాడితే 4 నిమిషాల 16 సెకన్లు. చిన్నదిగా కనిపించే టెంపో తేడా నిమిషం పైగా మారుస్తుంది. అయినా నిడివి కోసం టెంపో కదపడం మంచి అలవాటు కాదు. మాట పలికే తీరే దెబ్బతింటుంది.

ఈ నిర్మాణం నిలిచేదీ కూలేదీ ఒకే చోట: చరణం ముగిసి పల్లవి అందుకునే అతుకు దగ్గర. తెలుగు వాక్యం ఇక్కడ గొప్ప వెసులుబాటు ఇస్తుంది. చరణం చివరి పాదాన్ని పూర్తి క్రియతో మూసేయకుండా వదిలితే పల్లవే ఆ వాక్యాన్ని పూర్తి చేస్తుంది. పల్లవి "నీవే నా తీరం" అనుకోండి. మొదటి చరణం "అలసి అలసి చేరితే" దగ్గర ఆగితే, వినేవాడి మనసు పల్లవి కోసం ఎదురుచూస్తుంది. రెండో చరణం "దారులన్నీ మూసుకుంటే" అని ఆగితే అదే పల్లవికి ఇంకో అర్థం వస్తుంది. "నేను నిన్ను చేరుకున్నాను" అని ముగించారా, వాక్యం అక్కడే అయిపోయింది. ఆపైన వచ్చే పల్లవి కేవలం మళ్లీ పాడటమే. నిడివి ఎక్కువైందనిపించే పాటల్లో చాలాసార్లు అసలు లోపం ఇదే, బార్లు ఎక్కువై కాదు.

స్వరంలోనూ ఇదే అతుకు ఉంటుంది. చరణం సాధారణంగా పై స్థాయికి వెళుతుంది కాబట్టి ఆఖరి పాదం పల్లవి ఎత్తుగడ స్వరానికి దగ్గరగా దిగాలి. దిగకపోతే గాయకులు ఒక్కసారిగా కిందికి దూకాల్సి వస్తుంది. పల్లవి సమం (తాళం చుట్టులో మొదటి దెబ్బ) మీద కాక అర బీటు తర్వాత ఎత్తుకునేదైతే, చరణం చివరి అక్షరాన్ని ఆ సమానికి ముందే వదిలేయాలి, లేకపోతే ఊపిరి తీసుకునే చోటే ఉండదు.

రెండో చరణం రాసేటప్పుడు మాత్రలు లెక్కపెడితే చాలదు, లఘువు ఎక్కడ, గురువు ఎక్కడ అని కూడా చూడాలి. మొదటి చరణంలో "ఆశలు" అని ఉన్నచోట బాణీ మొదటి అక్షరాన్ని సాగదీసి నిలబెట్టిందనుకోండి. రెండో చరణంలో అక్కడ "తలపులు" పెడితే రెండూ నాలుగు మాత్రలే, కాగితం మీద సరిపోయింది. పాడినప్పుడు మాత్రం "తాలపులు" అవుతుంది. గాయకుల తప్పులా వినిపించే ఈ తప్పు రాసినవాళ్లది. రాసిన ప్రతి పాదాన్నీ బాణీ మీద గట్టిగా పాడి చూడటం తప్ప దీనికి వేరే మందు లేదు.

వెర్స్, కోరస్, బ్రిడ్జ్

ఇక్కడ కోరస్ అంటే తిరిగి వచ్చే ముఖ్యభాగం. బృందం పాడాలనేం లేదు. పల్లవి–చరణాల పద్ధతికీ దీనికీ అసలు తేడా క్రమంలో ఉంది. పల్లవి ముందే వచ్చి కూర్చుంటుంది, కోరస్ కోసం ఎదురుచూడాలి. వెర్స్ కింది స్థాయిలో, మాటలు ఎక్కువగా, పరిస్థితి చెబుతుంది. కోరస్ పై స్థాయిలో, తక్కువ మాటలతో, ఆ పరిస్థితికి గుండె ఏమందో చెబుతుంది. తిరిగొచ్చేటప్పుడు కూడా తేడా ఉంది. పల్లవిలో మొదటి ఒకటి రెండు పాదాలు వస్తే చాలు, కోరస్ మాత్రం మొత్తం రావాలి.

టెంపో 120లో ఇంట్రో 4 బార్లు, వెర్స్ 16, ప్రీ-కోరస్ (కోరస్‌కు దారి తీసే చిన్న భాగం) 4, కోరస్ 8, రెండో వెర్స్ 8, ప్రీ-కోరస్ 4, కోరస్ 8, బ్రిడ్జ్ (చివరి కోరస్‌కు ముందు వచ్చే కొత్త భాగం) 8, చివరి కోరస్ 16, ముగింపు 4 అనుకుంటే 80 బార్లు, 2 నిమిషాల 40 సెకన్లు. మొదటి కోరస్ 48వ సెకను దగ్గర వస్తోంది. మొదటి వెర్స్‌ను ఎనిమిది బార్లకు కుదిస్తే 32వ సెకనుకే వస్తుంది. కొత్త శ్రోత కోసం ఇదే మేలు. రెండో వెర్స్ మొదటిదానికి సగమే ఉండటానికి కారణం ఉంది. బాణీ అప్పటికే పరిచయమైపోయింది, మళ్లీ అంతసేపు పరిచయం అక్కర్లేదు.

బ్రిడ్జ్ విషయంలో చాలామంది మొహమాటపడతారు, పెట్టాలి కాబట్టి పెడతారు. బ్రిడ్జ్‌లో ఈ మూడింటిలో ఒకటైనా మారాలి: కార్డుల (కలిపి మోగించే స్వరాల) వరుస, లయ నడక, లేదా మాట చెప్పే మనిషి దృష్టి. మూడూ పాతవే అయితే ఎనిమిది బార్లు తీసేయండి. దాని స్థానంలో వాద్యాలన్నీ ఆపి కోరస్‌ను ఒక్క గొంతుతో ఒకసారి పాడించి, తర్వాత పూర్తి బలంతో తెచ్చినా ఆ పని జరుగుతుంది.

ఒకే వరుసలో చరణాలు

కథ చెప్పే పాటలకు, జోలలకు, జనం కలిసి పాడుకునే పాటలకు ఇంతకు మించిన నిర్మాణం లేదు. చరణాలన్నీ ఒకే బాణీలో నడుస్తాయి, ప్రతి చరణం చివర ఒక మకుటం వస్తుంది. టెంపో 90లో ఎనిమిది బార్ల చరణం, నాలుగు బార్ల మకుటం కలిపి 32 సెకన్లు. ఆరు చరణాలకు 3 నిమిషాల 12 సెకన్లు.

బాణీ మారదు కాబట్టి బరువంతా మాట మీదే పడుతుంది. ప్రతి చరణంలో కథ ఒక అడుగు ముందుకు వేయాలి. మూడో చరణాన్నీ నాలుగో చరణాన్నీ తారుమారు చేసి పాడి చూడండి. ఏమీ తేడా రాకపోతే వాటిలో ఒకటి అనవసరం. నాలుగో చరణం దగ్గర చెవి అలిసిపోవడం సహజం. అక్కడ తాళవాద్యం తీసేయడమో, రెండో గొంతు చేర్చడమో, అర స్వరం శ్రుతి పెంచడమో చేస్తారు. శ్రుతి పెంచడం చివరి ఆయుధం. పెంచాక వెనక్కి రాలేరు, గాయకుల పై హద్దు ముందే చూసుకోవాలి.

తక్కిన మూడు

ముప్పైరెండు బార్ల ఎ-ఎ-బి-ఎ నిర్మాణంలో ఎనిమిదేసి బార్ల నాలుగు భాగాలు ఉంటాయి. విడిగా కోరస్ ఉండదు, ప్రతి "ఎ" భాగంలో మొదటి పాదమో చివరి పాదమో పాట పేరును మోస్తుంది. "బి" దగ్గర ఆలోచన మలుపు తిరిగి, చివరి "ఎ" ఆ మలుపు తర్వాతి కళ్లతో పాత మాటనే చూస్తుంది. టెంపో 96లో ఒక చుట్టు 80 సెకన్లే. అందుకే ఒక చుట్టు పాడి, పదహారు బార్లు వాద్యానికిచ్చి, మళ్లీ "బి" నుంచి అందుకుంటారు. మొత్తం 64 బార్లు, 2 నిమిషాల 40 సెకన్లు. ఒకే ఒక్క ఆలోచన, ఒకే ఒక్క మలుపు ఉన్న పాటకు ఇది అమరినట్టు మరేదీ అమరదు.

పల్లవి–అనుపల్లవి–చరణం ఉన్న కర్ణాటక సంగీత కృతిలో నిడివి కర్త చేతిలో పూర్తిగా ఉండదు. చాలా కృతుల్లో చరణం రెండో సగం అనుపల్లవి వరుసలోనే నడిచి పల్లవికి చేరుతుంది కాబట్టి కూర్పు బిగువుగా ఉంటుంది. సంగతులు (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులు), నెరవు (ఒక పాదాన్ని అప్పటికప్పుడు విస్తరించి పాడటం), కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) చేర్చే కొద్దీ అదే కృతి అయిదు నిమిషాల నుంచి అరగంట దాకా పెరుగుతుంది. రికార్డింగ్ కోసం ఈ నిర్మాణం ఎంచుకుంటే ఎన్ని సంగతులో ముందే రాసి పెట్టుకోవాలి.

ఆద్యంతం కొత్త బాణీతో సాగి, ఏ భాగమూ తిరిగి రాని పాటలు కూడా ఉన్నాయి. మనసు ఒక స్థితి నుంచి బయల్దేరి ఇంకో స్థితికి చేరి, వెనక్కి రాని సందర్భానికి ఇది బలంగా ఉంటుంది. ఒక్క విన్నపం: బాణీ తిరిగి రాకపోయినా ఒక చిన్న స్వరాల గుత్తో, ఒక వాద్యపు పలుకో రెండు మూడుసార్లు కనిపించాలి. లేకపోతే పాట అయిపోయాక వినేవాళ్ల దగ్గర ఏమీ మిగలదు.

దేన్ని ఎప్పుడు

మీ పాటను ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ వాక్యం ముందూవెనకా ఏమీ తెలియకుండానే తాకేదైతే పల్లవిగా ముందే పెట్టండి. పరిస్థితి తెలిస్తేనే తాకేదైతే వెర్స్‌తో మొదలుపెట్టి కోరస్‌లో అందించండి. ఈ తేడా పట్టించుకోకపోతే, ఎవరు ఎవరితో ఎందుకంటున్నారో తెలియని గంభీరమైన మాట పాట మొదట్లోనే వృథా అవుతుంది. ఇరుకున పడితే సాకీ ఒక మంచి దారి. తాళం లేకుండా రెండు పాదాలు పాడి పరిస్థితి చెప్పి, ఆపైన పల్లవి ఎత్తుకోవచ్చు. పదిహేను ఇరవై సెకన్లకు మించనివ్వకండి.

చెప్పాల్సింది సంఘటనల వరుసైతే ఒకే బాణీ చరణాలు. ఒక అనుభూతి చుట్టూ రెండు కోణాలుంటే పల్లవి, రెండు చరణాలు. కోణం ఒక్కటే ఉంటే ఒక్క చరణంతో ఆపేయండి, అందులో చిన్నతనమేమీ లేదు. పాడేది శిక్షణ లేని జనమైతే తిరిగి వచ్చే భాగాన్ని ఎనిమిది తొమ్మిది స్వరాల పరిధి దాటనివ్వకండి, చరణాన్ని ఎనిమిది బార్లకు మించనివ్వకండి.

నిడివి సంగతి దీని తర్వాతే. ఒక పల్లవి, ఒక చరణం మాత్రమే తీసుకుంటే పైన చెప్పిన టెంపో 96 పాటలో 36 బార్లు, సరిగ్గా 90 సెకన్లు. చిన్న వీడియోకు ఇదే పూర్తి పాట అనుకోవచ్చు. ఇంట్రో, పల్లవి, ఇంటర్‌లూడ్, చరణం, చివరి పల్లవి ఉంటే 72 బార్లు, మూడు నిమిషాలు. ఫోన్‌లో ఒంటరిగా వినేవాళ్లకు రెండున్నర నుంచి మూడున్నర నిమిషాల మధ్య పాట ఒక్క అంశాన్ని చక్కగా పూర్తి చేస్తుంది. నాలుగు నిమిషాలు దాటించాలంటే దృశ్యమో, నృత్యమో, కథో తోడుండాలి, లేదా రెండో చరణం మొదటిదాన్ని తిరగేసి చూపించాలి. ఆరు నిమిషాలు దాటే పాటకు లయ మార్పు గానీ, బలం తగ్గి పెరిగే పెద్ద అల గానీ మధ్యలో ఒకటైనా కావాలి.

కోత ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి

పాట పొడవైందని తెలిశాక అందరి చెయ్యీ ముందుగా చరణం మీదికి పోతుంది. అది ఆఖర్న. మొదట చూడాల్సింది పాదాల పునరుక్తి. చరణంలో అయిదు పాదాలు, పాదానికి నాలుగు బార్లు అంటే 20. అలవాటుగా మొదటి రెండు పాదాలనూ రెండేసిసార్లు పాడిస్తే చరణానికి ఎనిమిది బార్లు, రెండు చరణాలకు పదహారు బార్లు పెరుగుతాయి. టెంపో 96లో అది 40 సెకన్లు. ఒక్క మాట కోల్పోకుండా 40 సెకన్లు తగ్గించగలిగేది ఇక్కడే.

తర్వాత ఇంట్రో. ఎనిమిది బార్లు నాలుగైతే 10 సెకన్లు మిగులుతాయి, గొంతు 20వ సెకనుకు బదులు పదో సెకనుకే వినపడుతుంది. ఆపైన ఇంటర్‌లూడ్‌లు. పన్నెండు బార్ల ఇంటర్‌లూడ్‌లో చివరి నాలుగు బార్లు సాధారణంగా గాయకులను లోపలికి పిలవడానికే ఉంటాయి, ఆ పని రెండు బార్లలో అవుతుంది. ఇవన్నీ చేశాక కూడా పొడవే అనిపిస్తే రెండో చరణాన్ని, దాని ముందరి ఇంటర్‌లూడ్‌ను, మధ్యలో మిగిలే పల్లవి రాకను కలిపి తీసేయాలి. ఇవి మూడూ కలిసి 40 బార్లు. పల్లవి రాకను మరిచిపోయి మిగతావి మాత్రమే తీస్తే, పల్లవి వెనకాలే పల్లవి వచ్చి పడుతుంది.

కోతకు ముందూ తర్వాతా ఒక పరీక్ష పెట్టండి. వాద్యాలన్నీ ఆపి గొంతు, క్లిక్ (లయ చూపే టిక్కు చప్పుడు) మాత్రమే ఉంచి పాట అంతా రికార్డు చేయండి. ఇదివరకు వినని ఒకరికి వినిపించి, వాళ్ల ముఖం కాదు, వాళ్ల చేతులు చూడండి. ఫోన్ మీదికి పోయిన క్షణాన్ని బార్ నంబరుతో సహా రాసుకోండి. ఇద్దరు ముగ్గురి దగ్గర అదే బార్ దగ్గర చెయ్యి కదిలితే లోపం అక్కడ కాదు, దానికి నాలుగు నుంచి ఎనిమిది బార్ల ముందు ఉంటుంది. విసుగు మొదలైన చోటు వేరు, బయటపడిన చోటు వేరు.

ముగింపు, ఇంకా కురచ రూపం

రికార్డులో పల్లవిని మళ్లీ మళ్లీ పాడుతూ ధ్వని తగ్గించుకుంటూ పోవచ్చు. వేదిక మీద ఆ దారి లేదు. అందుకే రికార్డులో తగ్గించినా, వేదిక కోసం ఒక ముగింపు విడిగా రాసి పెట్టాలి. చివరి పాదం మూడుసార్లు పాడి మూడోసారి సమం మీద ఆపడం అన్నిటికన్నా నమ్మకమైనది, ముందు సాధన లేని వాద్యకారులతో కూడా కుదురుతుంది. లయ నెమ్మదించి ముగించాలంటే ఎవరి చేతి సైగ చూడాలో ముందే అనుకోవాలి.

ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఈ పాటకు నిమిషంన్నర రూపం అడుగుతారు. మిక్సింగ్ అప్పుడే దానికి ఏర్పాటు చేసుకోండి. మొదటి చరణం చివరి అక్షరానికీ పల్లవి ఎత్తుగడకీ మధ్య కనీసం ఒక బీటు గొంతు లేని చోటు ఉంచాలి, గొంతుల మీది ప్రతిధ్వని ఆ చోటును నింపేయకుండా చూడాలి. రెండో ఇంటర్‌లూడ్‌లో శ్రుతి మార్చి ఉంటే మొదటి చరణం నుంచి చివరి పల్లవికి నేరుగా దూకలేరు, ఆ పల్లవి ఇంకో శ్రుతిలో ఉంటుంది. గాయకులు స్టూడియోలో ఉన్నప్పుడే చివరి పల్లవిని అసలు శ్రుతిలో మరోసారి పాడించి దాచుకోవాలి.